బుద్ధాల వారి పోపుల పెట్టె

గోదారి పాయ ఒడ్డున గుమ్మడిదొడ్డి అని ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరికీ అన్నీ కాస్త కాస్త ఉండేవి. తెలివి మాత్రం మొత్తం మా ఇంట్లోనే ఉందని బుద్ధాల పేరయ్య చెప్పుకునేవాడు. అతనే చెప్పుకునేవాడు, ఇంకెవరూ చెప్పేవారు కాదు. "మన ఇంటిపేర్లోనే బుద్ధి ఉందిరా. మిగతావాళ్ళు బడికెళ్ళి తెచ్చుకోవాలి, మనకి పుట్టుకతోనే వచ్చింది" అని కొడుకులిద్దరికీ రోజూ అన్నాల దగ్గర చెప్పేవాడు. పెద్దకొడుకు గవరయ్య, చిన్నకొడుకు లింగయ్య ఆ మాట విని తృప్తిగా తలలూపేవాళ్ళు. తలలు బాగానే ఊగేవి, లోపల బరువేమీ లేదు కదా.

ఆ ఇంట్లో నిజంగా తెలివున్న మనిషి ఒకతే ఉంది. గవరయ్య పెళ్ళాం మంగతాయారు. ఆమె కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. బారసాలకి గవరయ్య కొత్త పంచె కట్టుకుని అత్తారింటికి వెళ్ళి పాపని ఎత్తుకోబోయాడు. "చేతులు శుభ్రంగా కడుక్కుని రండి అల్లుడుగారూ" అంది అత్తగారు అచ్చియ్యమ్మ. శుభ్రంగా అంటే చెంబెడు నీళ్ళు ఏం చాలుతాయి? గవరయ్య గోదారికి నడిచి వెళ్ళి, మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది, పాప నిద్రపోయింది, ఊరికెళ్ళే బండి కదులుతోంది. అంతే. కన్నకూతుర్ని ఒక్కసారి కూడా ఎత్తుకోకుండానే ఇంటికొచ్చాడు. అప్పట్నుంచీ మనిషికి అన్నం సయించదు. చేతులు మాత్రం రోజూ కడుక్కుంటూనే ఉన్నాడు, ఎప్పుడు ఎత్తుకోమంటారో తెలియదు కదా అని.

మూడో నెల వెళ్ళగానే ఇక ఉండబట్టలేక అత్తారింటికి వెళ్ళి, "తాయారునీ పాపనీ పంపండి అత్తయ్యగారూ" అన్నాడు.

అచ్చియ్యమ్మ గట్టి మనిషి. అల్లుడి సంగతి ఆమెకి బాగా తెలుసు. "పంపడానికి నాకేం అభ్యంతరం లేదండి. కానీ పచ్చి బాలింతరాలు. వామూ శొంఠీ లేని ఇంట్లో ఏం తిని కోలుకుంటుంది? ముందు వంటిల్లు సర్దుకోండి. దినుసులన్నీ సమకూర్చుకోండి. గాలీ చెమ్మా తగలనివ్వకండి. ఒకదాని వాసన ఇంకోదానికి అంటకూడదు. అది పొయ్యి దగ్గర కూర్చుని ఏది అడిగితే అది చేతికందాలి. పోపుల పెట్టె ఎప్పుడూ నిండుగా ఉండాలి. పున్నమి వెళ్ళాక నేనే తీసుకొస్తాను. ఏ ఒక్కటి తక్కువైనా అదే బండిలో వెనక్కి తీసుకుపోతాను, చెబుతున్నాను" అంది.

ఆ రోజూ పాప నిద్రలోనే ఉండటంతో ఎత్తుకోకుండానే గవరయ్య ఆ మాటలన్నీ దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చాడు. ఒక్క ముక్క పోగొట్టలేదు. పోగొట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ కామేశం కొట్టుకి వెళ్ళారు.

"ఏం కావాలి?" అన్నాడు కామేశం.

"ఇంగువ ఒక చిటికెడు. పసుపు ఒక చిటికెడు. ఆవాలు గుప్పెడు, జీలకర్ర గుప్పెడు" అన్నాడు గవరయ్య.

కామేశం వీళ్ళ మొహాల వంక చూసి, "చిటికెడు ఎవరమ్ముతారయ్యా? పొట్లం కట్టిస్తాను, పట్టుకెళ్ళండి" అన్నాడు.

గవరయ్యకి నవ్వొచ్చింది. "వంట తెలిసిన ఇంటి నుంచి వచ్చాం కామేశం. మా ఆవిడ పప్పులో ఏనాడూ పొట్లం ఇంగువ వెయ్యలేదు. చిటికెడే వేసేది. ఆవిడకంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు. కామేశం డబ్బా మూత తీసి ముందు పెట్టాడు.

ఇంకేముంది, గవరయ్య కుడిచేతి వేళ్ళతో చిటికెడు ఇంగువ, ఎడమచేతి వేళ్ళతో చిటికెడు పసుపు పట్టుకున్నాడు. లింగయ్య ఒక గుప్పిట్లో ఆవాలు, ఇంకో గుప్పిట్లో జీలకర్ర బిగించాడు. ఇద్దరూ రోడ్డు మధ్యలో బయల్దేరారు. కొంచెం దూరం పోయేసరికి గవరయ్య ముక్కు మీద ఈగ వాలింది.

"ఒరే తమ్ముడూ, ఈగని తోలరా."

"నా చేతులు ఖాళీ లేవన్నయ్యా. నువ్వే తోలుకో."

"నావీ ఖాళీ లేవురా."

"అయితే దాని పని అయ్యాక అదే పోతుందిలే" అన్నాడు లింగయ్య. ఈగకి ఏం తొందర? ముక్కు మీద నుంచి మీసం మీదికి, మీసం మీద నుంచి చెవి మీదికి తీరిగ్గా తిరిగింది. గవరయ్య పళ్ళు బిగబట్టి నడిచాడు. పాప మొహం తలుచుకుని ఓర్చుకున్నాడు.

ఇంతలో ఎదురుగా బడి పంతులుగారు వచ్చారు. పెద్దమనిషి ఎదురొస్తే దణ్ణం పెట్టకుండా ఎలా ఉంటాం? లింగయ్య రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. పంతులుగారు చల్లగా ఉండమని దీవించి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చేసరికి తలుపు గొళ్ళెం వేసి ఉంది. చేతుల్తో తట్టే వీల్లేదు. గవరయ్య నుదుటితో కొట్టాడు. లోపల్నుంచి పేరయ్య వచ్చి తీసి, "ఏవిరా, చూపించండి" అన్నాడు. గవరయ్య వేళ్ళు విప్పాడు. చెమటకి ఇంగువ చర్మానికి అంటుకుపోయింది, పసుపు గోళ్ళలోకి పోయింది. లింగయ్య గుప్పిళ్ళు విప్పాడు. అరచేతి గీతల్లో రెండు జీలకర్ర గింజలున్నాయి.

"ఆవాలేవిరా?"

"నమస్కారంలో పోయాయి నాన్నా."

పేరయ్య ఆలోచించి, "పోతే పోయాయి, మర్యాద దక్కింది కదా" అన్నాడు.

ఇక పిల్లల వల్ల కాదని పేరయ్యే గోనెసంచి భుజాన వేసుకుని కొట్టుకి వెళ్ళాడు. ఏం కావాలని అడిగితే, "వంటింట్లో ఉండాల్సినవన్నీ" అన్నాడు. కామేశానికి ఇలాంటి బేరం జన్మలో తగల్లేదు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, ధనియాలు, మిరియాలు, ఎండుమిరపకాయలు, పసుపుకొమ్ములు, పసుపు పొడి, ఇంగువ, వాము, శొంఠి, లవంగాలు, దాల్చినచెక్క, అన్నీ పొట్లాలు కట్టి సంచి నింపేశాడు. పేరయ్య మొయ్యలేక మోసుకొచ్చి వంటింట్లో దించాడు. ముగ్గురూ చుట్టూ కూర్చుని దాని వంక చూసి మురిసిపోయారు.

పక్కింటి వరహాలమ్మ ఆ మురిపెం చూసి లోపలికొచ్చింది. మంచి మనిషి. ఆ మంచితనమే కొంప ముంచింది. "తాయారు వస్తోందటగా. ధనియాలు చెమ్మగా ఉన్నట్టున్నాయి, పురుగు పడతాయి. వీధిలో చాప వేసి ఎండబెట్టండి. కాకులు రాకుండా చూడండి" అని చెప్పింది.

లింగయ్య వీధిలో చాప పరిచి, ధనియాలు పోసి, కర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. ఆకాశం వంక కన్నార్పకుండా చూస్తున్నాడు. మేక ఒకటి వచ్చింది. వచ్చి చాప మీద నిలబడి తింటోంది. లింగయ్య ఒకసారి దాని వంక చూసి, మళ్ళీ ఆకాశం వంక చూశాడు. మేక తినడం అయ్యాక చాప అంచు కూడా నాలుగు పరకలు నమిలి వెళ్ళిపోయింది.

గవరయ్య వచ్చి చూస్తే చాప శుభ్రంగా ఉంది. "ధనియాలేవిరా?" అన్నాడు.

"మేక తినేసిందన్నయ్యా."

"మరి నువ్వేం చేస్తున్నావు?"

"కాకుల కోసం చూస్తున్నాను. ఒక్క కాకి కూడా దగ్గరికి రాలేదు. వచ్చినా ఆ మేక రానిచ్చేది కాదు. మంచి మేక" అన్నాడు లింగయ్య.

పేరయ్య మళ్ళీ కొట్టుకి పోయి ధనియాలు తెచ్చాడు. ఈసారి ఎండబెట్టలేదు. ఎండబెడితే మేక వస్తుందని తెలిసింది కదా, తెలివంటే అదే మరి.

ఇక కారం దంచాలి. వరహాలమ్మ రోలు చూపించి, "దంచిన చేత్తో కళ్ళు ముట్టుకోకండి నాయనా, మంటెత్తిపోతాయి" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. అన్నదమ్ములు చెరో రోకలీ పట్టుకున్నారు. గాలి తగలకూడదని అచ్చియ్యమ్మ చెప్పింది కాబట్టి తలుపులన్నీ మూసి, కిటికీల్లో పాత బట్టలు కుక్కి మరీ దంచారు. కాసేపటికి కళ్ళమ్మట నీళ్ళు, ముక్కుల్లోంచి నీళ్ళు, ఇద్దరూ దగ్గలేక చస్తున్నారు.

"కళ్ళు తుడుచుకోవాలిరా తమ్ముడూ, కానీ ముట్టుకోకూడదంది కదా."

"నీ కళ్ళు నువ్వు ముట్టుకోకూడదు అన్నయ్యా. నేను ముట్టుకోవచ్చు" అన్నాడు లింగయ్య. అన్న కళ్ళు తమ్ముడు తుడిచాడు. తమ్ముడి కళ్ళు అన్న తుడిచాడు. అంతే. ఇద్దరూ ఒకేసారి వేసిన కేకకి పక్క వీధిలో కుక్కలు మొరిగాయి. పేరయ్య తలుపులు తీసి ఇద్దర్నీ నూతి దగ్గరికి ఈడ్చుకెళ్ళి కడవలతో నీళ్ళు గుమ్మరించాడు. కళ్ళు దక్కాయి గానీ లింగయ్యకి ముక్కులు రెండూ మూసుకుపోయాయి.

అలా మూసుకుపోయిన ముక్కులతోనే మర్నాడు చారుపొడికి దినుసులు వేయించడానికి కూర్చున్నాడు. ఆ రోజు కూడా వరహాలమ్మ ఖర్మ కాలి ఒక మాట చెప్పింది. "సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి దించెయ్యి" అంది. లింగయ్య వేయించాడు. వాసన రాలేదు. ఇంకా వేయించాడు. ధనియాలు ఎర్రబడ్డాయి, వాసన రాలేదు. నల్లబడ్డాయి, రాలేదు. మూకుడు లోంచి పొగ లేచి చూరు దాకా పోయింది. ఊళ్ళోవాళ్ళు ఇల్లంటుకుందనుకుని బిందెలతో పరిగెత్తుకొచ్చారు.

లింగయ్య గరిటె తిప్పుతూనే, "మీరు పక్కకి తప్పుకోండి. ఇంకా వాసన రాలేదు" అన్నాడు.

ఆ నల్లటి పొడిని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. పేరయ్యకి తోచింది. "పళ్ళు తోముకుందాంరా. ఊళ్ళో ఎవరికైనా జీలకర్ర వేసిన పళ్ళపొడి ఉందా?" అన్నాడు గర్వంగా. ఇంటిల్లిపాదీ దాంతోనే తోముకున్నారు. నవ్వితే నోళ్ళు బొగ్గుల కొట్టులా కనిపించేవి. చారుపొడి కోసం పేరయ్య మళ్ళీ కొట్టుకి పోయాడు. కామేశం ఆ నెల్లో చూరు మీద కొత్త పెంకులు నేయించుకున్నాడు.

పున్నమి దగ్గర పడింది. ఇక పోపుల పెట్టె సంగతి. తాయారు వాడే పెట్టె రేకుది, అరచేయంత ఉంటుంది, లోపల చిన్న చిన్న గిన్నెలు. పేరయ్య దాన్ని చేత్తో పట్టుకుని పెదవి విరిచాడు. "ఇంత పెట్టె నింపడం ఎవడికి చేతకాదురా? అవతల వచ్చేది అచ్చియ్యమ్మ. బుద్ధాల వారి పోపుల పెట్టె అంటే దూరం నుంచే కనబడాలి" అని పడమటింట్లో ఉన్న తాతల నాటి భోషాణాన్ని వంటింట్లోకి లాగించాడు. అందులో ఒక మనిషి ముడుచుకుని పడుకోవచ్చు. అంత పెట్టె అది. బట్టలన్నీ తీసి అవతల పారేసి, దినుసుల పొట్లాలన్నీ అందులో పెట్టారు. అడుగు కూడా సరిగా కనుమరుగవలేదు.

గవరయ్య లోపలికి తొంగి చూశాడు. వాసన గుప్పుమంది. "నాన్నా, అన్నీ ఒక్కచోట పెడితే ఒకదాని వాసన ఇంకోదానికి అంటదూ? అత్తయ్యగారు అంటకూడదన్నారు" అన్నాడు దిగులుగా.

అవునే అనుకున్నారు ముగ్గురూ. అన్నీ బయటికి తీశారు. లవంగాలు అటక మీద పెట్టారు. పసుపు పొడి కుండలో పోసి దూలానికి వేలాడగట్టారు. మిరియాలు పడమటింట్లో, మెంతులు దేవుడి గూట్లో, వాము పేరయ్య మంచం కింద, శొంఠి పెరట్లో కట్టెల చాటున. ఇంగువ వాసన అన్నిట్లోకీ గట్టిది కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచకూడదని పశువుల పాకలోకి తీసుకెళ్ళి దూడ మెళ్ళో కట్టారు.

"మరి వదిన పొయ్యి దగ్గర కూర్చుంటే ఏది అడిగితే అది చేతికందాలి కదా?" అన్నాడు లింగయ్య.

ఆ మాటకి పేరయ్య కళ్ళు మెరిశాయి. నిజం చెప్పాలంటే ఆ మెరుపు చూస్తేనే భయం వెయ్యాలి. పురికొస ఉండలు తెప్పించాడు. ఒక్కో దినుసుకీ ఒక కొస కట్టి, రెండో కొస తెచ్చి పొయ్యి పక్కన మేకుకి ముడేశాడు. దూడ మెడకి కూడా ఒకటి. "లాగితే చేతికొస్తుంది. లేవక్కర్లేదు" అన్నాడు. వంటింట్లోంచి ఇల్లంతా, ఇంట్లోంచి పెరడంతా దారాలే. మనుషులు వంగి వంగి నడవాల్సొచ్చింది.

ఇప్పుడు భోషాణం ఖాళీ అయింది. పెట్టె నిండుగా ఉండాలంది కదా అత్తగారు. నిండుగా ఉండాలంది గానీ దేంతో అని చెప్పలేదు. అందుకని లింగయ్య ధాన్యం మర నుంచి గంపలతో ఊక తెచ్చి మూతి దాకా నింపి, పైన అరచేత్తో సాపు చేశాడు. గవరయ్య దాని చుట్టూ తిరిగి చూసుకున్నాడు. ఇక తాయారు వస్తుంది, పాప వస్తుంది అనుకుని వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

పున్నమి వెళ్ళిన మర్నాడు బండి వచ్చింది. తాయారు ఒళ్ళో పాపతో బండిలో కూర్చుని ఉంది. కాస్త ఒళ్ళు చేసింది, మొహం నిండా నవ్వుంది. గవరయ్య చేతులు చాపి పరిగెత్తబోయాడు.

"ఆగండి అల్లుడుగారూ. ముందు వంటిల్లు చూస్తాను. అంతదాకా ఎవరూ బండి దిగరు" అని అచ్చియ్యమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని లోపలికి నడిచింది. మొదటి దారం నడుముకి తగిలింది, రెండోది మెడకి తగిలింది. "ఇదేం ఇల్లండీ, సాలె వాళ్ళ మగ్గంలా ఉంది" అని గొణుక్కుంటూ పొయ్యి దగ్గరికి చేరింది. అంతలో బయట పాప ఏడుపందుకుంది.

"దానికి కడుపు ఉబ్బరం. వాము ఉందా?" అంది అచ్చియ్యమ్మ.

"ఉందండి. లేవక్కర్లేకుండా చేతికందుతుంది" అని గవరయ్య మేకు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చూస్తే దారాలన్నీ ఒక్క రంగే. ఏది వాముదో ఏది మెంతులదో దేవుడికి తెలియాలి. ఒకటి పట్టుకుని లాగాడు. రాలేదు. బలంగా లాగాడు. పాకలో దూడ అరిచింది.

"అదేంటి, వాము అరుస్తోంది?" అంది అచ్చియ్యమ్మ.

"దూరం నుంచి వస్తోంది కదండీ" అన్నాడు గవరయ్య, ఇంకా బలంగా లాగుతూ.

ఇంకేముంది, పలుపు తెంపుకుని దూడ వచ్చింది. పెరటి గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చింది. వస్తూ వస్తూ దారిలో ఉన్న దారాలన్నీ మెడకీ కాళ్ళకీ చుట్టుకుంది. మెంతులు గూట్లోంచి దూకాయి. లవంగాలు అటక మీద నుంచి వానలా రాలాయి. వాముతో పాటు పేరయ్య మంచం గుమ్మం దాకా వచ్చి అడ్డం పడింది. చివరికి దూలానికి ఉన్న పసుపు కుండ ఒక్కసారి ఊగి, సరిగ్గా అచ్చియ్యమ్మ నెత్తి మీద బోర్లా పడింది. అడిగినవే కాదు, అడగనివి కూడా అన్నీ చేతికందాయి.

పసుపు మబ్బు తగ్గాక చూస్తే అచ్చియ్యమ్మ ఆపాదమస్తకం పచ్చగా ఉంది. దూడ ఆమె పక్కన నిలబడి కింద పడ్డ మెంతులు వాసన చూస్తోంది. పేరయ్య చేతులు కట్టుకుని, "చూశారా వదినగారూ, మంచి పసుపు. కల్తీ లేదు, గిల్తీ లేదు, అచ్చంగా కొమ్ములు కొట్టించిందే" అన్నాడు.

"బండి తిప్పమనండి" అంది అచ్చియ్యమ్మ.

గవరయ్య గుమ్మానికి అడ్డం నిలబడి, "అత్తయ్యగారూ, మీరు చెప్పినవన్నీ చేశాం. గాలి తగల్నివ్వలేదు, వాసన అంటనివ్వలేదు. పెట్టె ఒక్కటి చూడండి. నిండుగా ఉందో లేదో మీరే చూడండి" అని బతిమాలాడు. అతని కళ్ళలో నీళ్ళు కారం వల్ల వచ్చినవి కావు. ఆమెకి ఆ సంగతి తెలిసింది. అయినా మొహం సడలనివ్వకుండా వెళ్ళి భోషాణం మూత ఎత్తింది.

"ఇదేంటి, ఊకా?"

"నిండుగా ఉందండి" అన్నాడు లింగయ్య.

"ముందు దీన్ని తీసి పారబొయ్యండి" అంది ఆమె, ఒళ్ళు మండి. లింగయ్య ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన మాట ఏనాడు జవదాటాడు కనక? గంప తెచ్చి, అక్కడికక్కడే ఊకంతా తోడి పెరట్లో పారబోసి వచ్చి, దులుపుకుని నిలబడ్డాడు.

"ఇప్పుడేముంది పెట్టెలో?"

"ఏమీ లేదండి."

"చూశారుగా. ఖాళీ పెట్టె ఉన్న ఇంట్లో నా కూతురు అడుగు పెట్టదు. పెట్టె నిండిన రోజున కబురు చెయ్యండి, ఆ క్షణాన దింపేసి పోతాను" అని అచ్చియ్యమ్మ గుమ్మం వైపు తిరిగింది.

గవరయ్య ఖాళీ భోషాణం వంక చూశాడు. వీధిలో బండి వంక చూశాడు. తాయారు మెడ చాపి లోపలికి చూస్తోంది. ఆమె భుజం మీద పాప గుప్పిట కనబడుతోంది, పేరు తెలియని మొగ్గంత ఉంది. మళ్ళీ మూడు నెలలు ఆ గుప్పిట చూడకుండా ఉండాలనుకునేసరికి అతనికి ఇంకేం తోచలేదు. పంచె ఎగ్గట్టి, కాలెత్తి భోషాణంలో దిగాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చునేసరికి ఆ మూల నుంచి ఈ మూలకి సరిగ్గా సరిపోయాడు.

"ఇప్పుడు నిండింది అత్తయ్యగారూ" అన్నాడు లోపల్నుంచి.

అప్పుడు బండిలోంచి తాయారు నవ్వు వినబడింది. నవ్వి నవ్వి, పాపని ఎత్తుకుని కిందికి దిగి, దారాలు దాటుకుంటూ లోపలికొచ్చింది.

"దిగొద్దన్నానా?" అంది అచ్చియ్యమ్మ.

"పెట్టె నిండితే దింపేస్తానన్నావు కదే అమ్మా. నిండింది. వామూ శొంఠీ ఏ కొట్లోనైనా దొరుకుతాయి. ఈ దినుసు ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు" అంది తాయారు. అని వంగి, పాపని గవరయ్య మోకాళ్ళ మీద పడుకోబెట్టింది.

గవరయ్య రెండు చేతులూ ఆ పసిదాని చుట్టూ వేశాడు. నెలల తరబడి కడుక్కున్న చేతులు. పాప ఏడుపు మాని అతని నల్లటి పళ్ళ వంక వింతగా చూసింది. అతను నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. పెట్టె మాత్రం నిండుగా ఉంది.

అచ్చియ్యమ్మ అన్న మాట తప్పే మనిషి కాదు. పైగా అల్లుణ్ణి అలా చూశాక ఆమెకి బండి తిప్పబుద్ధి కూడా కాలేదు. నూతి దగ్గర పసుపు కడుక్కుని, బండిలో గడ్డి కింద దాచి తెచ్చిన బుట్ట దింపించింది. వాము, శొంఠి పొడి, కందిపొడి, మిరియాలు, దంచిన కారం, అన్నీ సీసాల్లో సర్ది ఉన్నాయి. "మీ తెలివి సంగతి నాకు తెలియదనుకున్నారా?" అని పేరయ్యతో అంది. తన తెలివి వియ్యపురాలి దాకా పాకిందని పేరయ్య పొంగిపోయాడు.

ఆమె బండెక్కి వెళ్ళాక తాయారు పాపని తీసుకుని, "ఇక బయటికి రండి" అంది భర్తతో.

"రాను" అన్నాడు గవరయ్య. "నేనొస్తే పెట్టె వెలితి పడుతుంది. ఎప్పుడూ నిండుగా ఉండాలని మీ అమ్మ చెప్పింది. వెలితి పడితే వచ్చి నిన్ను తీసుకుపోతుంది."

తాయారు ఎంత చెప్పినా వినలేదు. ఆకలేస్తే ఆయనే దిగుతాడులే అనుకుని, "మావయ్యగారూ, మీ అబ్బాయిని కాస్త చూస్తూ ఉండండి" అని చెప్పి పాపకి పాలివ్వడానికి పడమటింట్లోకి వెళ్ళింది.

పేరయ్య చూస్తూ కూర్చున్నాడు. చూడగా చూడగా అతనికి ఒక సంగతి గుర్తొచ్చింది. పెట్టెలో ఉన్నదానికి గాలీ చెమ్మా తగలకూడదు. అంతే. మెల్లగా లేచి భోషాణం మూత దించి, అది లేవకుండా తనే పైన ఎక్కి కూర్చున్నాడు. లోపల ఊక నలుసులు ఎగిరి గవరయ్య తుమ్మడం మొదలుపెట్టాడు. తుమ్మినప్పుడల్లా మూత లేచేది, పేరయ్య కూడా లేచేవాడు. లేచి మళ్ళీ సర్దుకుని కూర్చునేవాడు.

తాయారు తిరిగొచ్చి చూసింది. పొయ్యి ఉంది, దూడ ఉంది, మామగారున్నారు. మొగుడు లేడు.

"మావయ్యగారూ, ఆయనేరీ? పాప పాలు తాగేసి ఆడుకుంటోంది. ఒకసారి ఆయన్ని ఇలా పంపండి" అంది.

పేరయ్య మూత మీద నుంచి దిగి, దాన్ని వేలెడంత ఎత్తి, లోపలికి చెయ్యి పోనిచ్చి కోడలి వంక చూశాడు.

"ఎంత కావాలమ్మా, చిటికెడా, గుప్పెడా?" అన్నాడు.